చెన్నయ్య పెదవి దాటని మాట

ఆ ఉదయం చెన్నయ్యకు ఉన్న పని ఒక్కటే. అత్తాపూర్ నుంచి దశరథం వస్తాడు, చెన్నయ్య కూతురు సరితను తన కొడుకు గోవర్ధన్‌కు ఖాయం చేసుకుంటాడు, చాయ్ తాగి పోతాడు. ఎయిర్‌పోర్టులో ఒకేచోట పనిచేసే పిల్లలిద్దరూ ఎప్పుడో ఖాయం చేసుకున్నారు, పెద్దలు తలూపడమే తరువాయి. శంషాబాద్‌లో కట్టిన కొత్తిల్లు తళతళలాడాలని చెన్నయ్య హాలంతా సబ్బునీళ్ళతో తానే కడిగాడు. తుడవాలన్న ఆలోచన మాత్రం ఆ మహానుభావుడికి రాలేదు.

దశరథం కొడుకుతో కలిసి గడప దాటాడు. రెండో అడుగుకే వెల్లకిలా పడ్డాడు.

మామూలు మనిషైతే ఏమంటాడు? "అయ్యో, తప్పైంది బావా" అంటాడు. చెన్నయ్యకూ నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఫోన్లో వకీళ్ళ వీడియోలు చూసీచూసీ ఆయన అప్పటికే సగం వకీలయ్యాడు. దెబ్బ తగిలినవాడికి క్షమాపణ చెబితే నేరం ఒప్పుకున్నట్టేనని, ఇక దవాఖాన ఖర్చంతా నెత్తిన పడుతుందని ఓ నల్లకోటాయన చెప్పాడు. అందులోనూ మన 'తప్పైంది'లో తప్పు పైకే కనిపిస్తోందాయె! చెన్నయ్య పెదాలు బిగించాడు.

దశరథానికి నడుంకంటే ఆ మౌనమే ఎక్కువ నొప్పెట్టింది. లేపబోయిన గోవర్ధన్ చేతిని ఆయన విదిలించాడు.

"తప్పైంది అను, లేస్త."

చెన్నయ్య అనకపోగా వాదన మొదలుపెట్టాడు. పైన విమానం పోతోందని గొంతు కూడా పెంచడంతో వీధి వీధంతా విన్నది. "నేలంత తడి ఉన్నదని నాకు పొద్దుగాల్లనే ఎరుక. నేను గోడ వట్టుకోని నడుస్తున్న. నువ్వు జర సూస్కోవద్దా?"

సరిత లోపల్నుంచి ఉరికొచ్చింది. ఎంతో ఓపికగా ఒప్పించుకొచ్చిన సంబంధం సబ్బునీళ్ళలో కొట్టుకుపోతోంది. నాన్నను పక్కకు నెట్టి కింద కూర్చుంది. "తప్పైంది మామా" అని చెయ్యి అందించింది. దశరథం టక్కున లేచి కుర్చీలో కూర్చున్నాడు. చాయ్ అందుకుని, సంబంధం ఖాయమన్నాడు.

"కొంప ముంచినవ్ బిడ్డా" అని చెన్నయ్య తల పట్టుకున్నాడు. గొడవ విని వచ్చిన పక్కింటి అరుణ్‌కుమార్ అసలు సిసలు వకీలు. ఆయన పడీపడీ నవ్వాడు. తప్పైంది అన్నంత మాత్రాన నష్టపరిహారం కట్టనక్కర్లేదని, అది ఉత్త మర్యాద మాటేనని చెప్పాడు. పిలిచిన మనిషికి దెబ్బ తగలకుండా తగిన జాగ్రత్త పడ్డామా లేదా అన్నదే కోర్టు చూస్తుందట.

"ఎరుకుండి కూడ చెప్పకుంటెనే జిమ్మేదారి మన మీద పడ్తది. నీకు తడి సంగతి ఎరుక లేదు గదా, చెన్నయ్యన్నా?"

చెన్నయ్య బిక్కమొహం వేశాడు. దశరథం చాయ్ గ్లాసు కింద పెట్టాడు.

"గట్లనా, వకీల్ సాబ్?" అన్నాడు. నడుం పట్టుకుని, గుమ్మం లోపల ఇందాక పడిన చోటే, జాగ్రత్తగా వెల్లకిలా పడుకున్నాడు. అబ్బా అని మూలిగాడు, కాస్త ఆలస్యంగా.

చూసుకోకుండా నడిచినవాడికీ తప్పులో వాటా ఉంటుందని చెన్నయ్య మళ్ళీ అందుకున్నాడు. వాటా ఎంతో తేల్చమని ఇద్దరూ అరుణ్‌కుమార్ మీద పడ్డారు.

సరిత చెప్పులు తొడుక్కుని గోవర్ధన్‌ను పిలిచింది. "వీళ్ళది ఇగ తెగదు. నడువు, మనమే గుడి అయ్యగారి దగ్గరికి పోయి లగ్గం పెట్టించుకుందం."

కాబోయే మామను దాటడం మర్యాద కాదు కనుక, ఇద్దరూ ఆయన చుట్టూ తిరిగి వెళ్ళారు.