రెండోసారి అడిగితే చెబుదాం

ఒచోముటి లోయ వన్యప్రాణి సంరక్షణ సంఘం పరిధిలో ఇకమీదట ఎవరూ ముందస్తు అనుమతి లేకుండా ఆపదలో పడరాదు. ఈ తీర్మానాన్ని మా కమిటీ ఏకగ్రీవంగా ఆమోదించింది. (వ్యతిరేకించాల్సిన ఇద్దరు సభ్యులు తప్పిపోయిన మేకల్ని వెతకడానికి వెళ్ళి ఆ రోజుకి తామే తప్పిపోయారు.) అంతకుముందు మావాళ్ళు ఎవరికి తోచినప్పుడు వాళ్ళు పాముచేత కరిపించుకునేవారు, ఏనుగు తరిమితే చెట్టెక్కేవారు, దాహంతో సొమ్మసిల్లేవారు. ఒక పద్ధతీ పాడూ ఉండేది కాదు.

ఈ క్రమశిక్షణ మాకు శాటిలైట్ పెట్టెతో అబ్బింది. అరచేతిలో ఇమిడే నారింజరంగు పెట్టె. ఫోన్లు పలకని చోట కూడా ఇది ఆకాశంలోని ఉపగ్రహంతో మాట్లాడుతుంది. ఉపగ్రహం సముద్రాల అవతలున్న ఒక రక్షణ కేంద్రంతో మాట్లాడుతుంది. ఆ కేంద్రం తిరిగి మా దేశంలో ఎవరితోనో మాట్లాడి మా దగ్గరికి మనుషుల్ని పంపుతుంది. పక్క కొండమీద మేకలు కాసుకుంటున్న మనిషిని ఒక్క కేక వేసి పిలిచే పనిని, ఇది భూగోళం చుట్టూ తిప్పి చేస్తుందన్నమాట.

దీన్ని రాజధాని నుంచి తెచ్చినావిడ శ్రీమతి అముటెన్యా. హోదా, సుదూర ప్రాంతాల క్షేమ సమాచార సమన్వయాధికారిణి. (ఆ హోదా పూర్తిగా రాయాలంటే ఒక తలుపు చాలదని, ఆవిడ గదికి రెండు తలుపులు పెట్టించారని వినికిడి.) ఆవిడ మాకు మూడు గంటలు శిక్షణ ఇచ్చి, పద్నాలుగు నియమాల పుస్తకం చేతిలో పెట్టి, మా మేకమాంసం మెచ్చుకుని వెళ్ళిపోయింది.

నియమాల్లో ముఖ్యమైనవి మూడే. గస్తీకి వెళ్ళిన గార్డులు ప్రతి రెండు గంటలకూ ఆకాశం బాగా కనిపించే ఎత్తైన చోటికెక్కి 'అంతా క్షేమం' అని మెసేజ్ పంపాలి. గస్తీలో ఇద్దరు గార్డులు ఏ పరిస్థితిలోనూ విడిపోరాదు. పెట్టె మీద సాయం పిలవడానికున్న ఎర్రమీట నొక్కే ఉద్దేశం ఉన్నవారు బయలుదేరేముందే 'ఆపద పూర్వ ప్రకటన పత్రం' నింపి, రాబోయే ఆపద ఏదో, ఏ రోజు రావచ్చో తెలియజేయాలి. మేం ప్రతి నెలా 'ఏనుగు' అని రాసేవాళ్ళం. మర్యాదగా, నమ్మదగినట్టుగా ఉండేది.

పెట్టెలో ముందే రాసిపెట్టుకునే మెసేజ్‌ల దగ్గర మాత్రం కమిటీ మూడుసార్లు సమావేశమైంది. ఆపదలో పంపేది 'సాయం చేయండి' అని మొదలవ్వాలని పుస్తకంలో ఉంది. అధ్యక్షుడు ఫెస్టస్ చాంబిరు ససేమిరా అన్నాడు. పలకరింపు లేకుండా సాయం అడిగితే మనల్ని ఎవరు పెంచారనుకుంటారు, అన్నాడు. ఆయన మాటలో తప్పేం లేదు. మా దగ్గర ఎవరినైనా ఎలా ఉన్నావంటే బాగున్నాననే అంటారు. ఇంట్లో శవం ఉన్నా అంతే. పెద్దల గురించి, పిల్లల గురించి, వానల గురించి, ముఖ్యంగా పశువుల గురించి అడుగుతారు, చెబుతారు. ఆ తర్వాత కాస్త ఆగి, 'మరి, ఎలా ఉన్నావు?' అని రెండోసారి అడిగితే, అప్పుడు వస్తుంది అసలు సంగతి. మొదటిసారికే బాధలు చెప్పుకునేవాణ్ణి మేం చిన్నపిల్లాడి కింద జమకడతాం. ఇలా ఉండగా పుస్తకంలో రెండో ప్రశ్న ఊసే లేకపోవడంతో, ఆపద మెసేజ్‌ను ఖాళీగా వదిలేయాలని, ఎవరి ఆపద వారే టైపు చేసుకోవాలని తీర్మానించారు.

ఇక రుహోజు మామ. మా అమ్మకు అన్న, నాకు గస్తీలో జోడీ. ఖడ్గమృగం అడుగుజాడ చూసి అది పొద్దున ఏ పొద దగ్గర ఆగిందో చెప్పగలడు. పెట్టెను మోసే బాధ్యత పెద్దవాడని ఆయనకే అప్పగించారు. ఆయన దాన్ని మెళ్ళో వేసుకుని, సంతకం కూడా పెట్టాడు. నాకు నలభై మూడేళ్ళు. చదువుకున్నవాణ్ణని టైపు చేసే పని నాది.

ఆగస్టులో ఒక గురువారం పొద్దున, ఊరికి గాడిదబండి మీద అయిదు గంటల దూరంలో, కొండల మధ్య ఊట దగ్గరున్నాం. ఊట చుట్టూ సింహాల అడుగులు. ఆడసింహం, రెండు పిల్లలు. తడి ఆరలేదు. పొద్దు వాలాక మళ్ళీ నీళ్ళకు వస్తాయి, ఎనిమిదింటి మెసేజ్ పంపేసి వెళ్ళిపోదాం అన్నాడు మామ. నియమం ప్రకారం ఎత్తైన బండ ఎక్కాడు. పెట్టెను ఆకాశానికి చూపించాడు. 'అంతా క్షేమం' నొక్కాడు. మెసేజ్ వెళ్ళినట్టు పెట్టె కీచుమంది. ఆ సంతోషంలో ఒకడుగు వెనక్కి వేశాడు.

ఎముక విరిగిన చప్పుడు కింద ఉన్న నాక్కూడా వినిపించింది.

మోకాలి కింద విరిగింది. కాలు చూడకూడని వైపు తిరిగి ఉంది. నా నడుముకున్న పట్టీతో రెండు కర్రలు పెట్టి కట్టాను. మామ పళ్ళు బిగపట్టి, పెట్టెకేం కాలేదు కదా అని అడిగాడు. (సంతకం పెట్టిన మనిషి.) ఆయన్ను మోసుకుంటూ ఆ రాళ్ళలో నడవలేను. వదిలి వెళ్తే రాత్రికి గాని తిరిగి రాలేను. సింహాలు అంతసేపు ఆగవు. సాయంత్రం లోపు ఎవరో ఒకరు రావాలి. అందుకే కదా ఈ పెట్టె.

ఒక చిక్కు వచ్చింది. మేం ఆ నెలకి ప్రకటించింది ఏనుగు. కాలు విరగడం ఏనుగు కింద రాదు. మామ కాసేపు ఆలోచించి, పోయిన వారం ఈ బండకి ఏనుగు వీపు రుద్దుకుందని, జాడలున్నాయని, అందువల్ల బండ కొంతవరకు ఏనుగు పరిధిలోకి వస్తుందని తేల్చాడు. ఎర్రమీట నొక్కాం.

పావుగంటకి జవాబు వచ్చింది. 'నా పేరు బ్రెండా. మీ ఆపద ఏమిటి?'

నేను 'కాలు వి' అనేదాకా కొట్టాను. ఆ పెట్టె మీద బాణం గుర్తులతో ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టాలి. మామ నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఏం చేస్తున్నావురా?"

"కాలు విరిగిందని చెబుతున్నా మామా."

"ముందు పలకరించు. ఎవరి కూతురో ఏమో, పాపం పేరు చెప్పి మరీ అడిగింది."

ఆయన చెప్పాడు, నేను కొట్టాను. 'బ్రెండా, బాగా నిద్రలేచావా? మేం బాగున్నాం. మీ అమ్మానాన్నలు బాగున్నారా? పిల్లలు బాగున్నారా? మీ వైపు వానలు పడ్డాయా?' ఆ తర్వాత మామ పశువుల గురించి వివరంగా అడిగాడు, చివర్లో కాలి ప్రస్తావన తెచ్చాడు. కానీ ఒక మెసేజ్‌లో నూట అరవై అక్షరాలే పడతాయి. పెట్టె వానల దగ్గర కోసేసి మిగతాది మింగేసింది. మిగతాది ఇంకో మెసేజ్‌లో పంపుతానన్నాను. అవతలి మనిషి బదులివ్వకముందే మళ్ళీ మాట్లాడటం ఏం మర్యాద అన్నాడు మామ. ఆగాం.

బ్రెండా బదులిచ్చింది. 'మీరు బాగున్నారని తెలిసి సంతోషం. అయితే ఆపద ఏమీ లేదా?'

"లేదని చెప్పు" అన్నాడు మామ.

"మామా, నీ కాలు!"

"ఇది మొదటిసారి కదరా అడగడం. రెండోసారి అడిగితే చెబుదాం. అడుగుతుంది చూడు, మంచి పిల్ల."

నియమాలన్నీ చదివినవాణ్ణి, శిక్షణలో ముందు వరసలో కూర్చున్నవాణ్ణి, 'ఏమీ లేదు' అని కొట్టి పంపాను. నన్ను తిట్టాలనుకునేవారు తిట్టవచ్చు. మేనమామ మాట కాదనకుండా పెరిగినవాళ్ళు మాత్రం తిట్టరు.

బ్రెండా రెండోసారి అడగలేదు. 'పొరపాటున మీట నొక్కినట్టు నమోదు చేశాం. కేసు ముగిసింది. మీ రోజు శుభంగా గడవాలి' అని పంపింది. ఆ పిల్లకి ఇంట్లో ఏదో కష్టం వచ్చి ఉంటుందిరా, లేకపోతే అడిగేదే, అన్నాడు మామ.

మళ్ళీ మీట నొక్కాం. పొరపాటు నమోదైన పెట్టె నుంచి అదే రోజు రెండో పిలుపు వస్తే, దాన్ని స్థానిక సమన్వయాధికారిణి ధ్రువీకరించాలట. అది శ్రీమతి అముటెన్యాకు వెళ్ళింది. ఆవిడ నుంచి వెంటనే జవాబు వచ్చింది. (వెంటనే వచ్చిందంటేనే అనుమానించాల్సింది.) 'సుదూర ప్రాంతాల భద్రతపై జరుగుతున్న సదస్సు కోసం సిగ్నల్ లేని చోట ఉన్నాను. సోమవారం తిరిగి వస్తాను. అత్యవసరమైతే మీ పెట్టె మీదున్న ఎర్రమీట నొక్కండి.'

మూడోసారి నొక్కేసరికి బ్యాటరీ అయిపోయింది. ఇంక చెయ్యడానికేం లేక పుల్లలు ఏరి, సాయంత్రానికి మంట సిద్ధం చేసి, మామకు చుక్కచుక్కగా నీళ్ళు పట్టాను. ఆయన ఒకసారి నిద్రలోంచి లేచి, అడిగిందా, అన్నాడు. లేదన్నాను.

ఇదే సమయంలో ఊళ్ళో జరిగింది నాకు తర్వాత తెలిసింది. మా మెసేజ్‌ల నకళ్ళు సంఘం ఆఫీసు ఫోనుకి కూడా వెళ్తాయి. గుమాస్తా ఎర్నా చదువుకుని, ఎంత చక్కగా పలకరించారో అని మురిసిపోయింది. అప్పుడే రుహోజు మామ భార్య రెగీనా అత్త పిండిమర నుంచి వస్తూ ఆఫీసు నీడలో కూర్చుంది. మీ ఆయన ఎవరో విదేశీ ఆవిడతో ముచ్చట్లు పెట్టాడంటూ ఎర్నా మెసేజ్ చదివి వినిపించింది. అమ్మానాన్నలు, పిల్లలు, వానలు. అంతే.

"పశువుల్ని అడగలేదా?" అంది అత్త.

ఎర్నా మళ్ళీ చూసి, లేదంది.

అత్త లేచి నిలబడింది. "మా పెళ్ళినాడు పెద్దల ముందు కూడా ముందుగా మా నాన్న ఎద్దుల్ని పలకరించాకే నా మొహం చూసిన మనిషి, పశువుల్ని అడగలేదంటే చావుబతుకుల్లో ఉన్నాడు, జీపు తియ్యండి" అంది. ఫెస్టస్ చాంబిరు ఆమెకు నెమ్మదిగా నచ్చజెప్పాడు. జీపు పెరట్లోనే ఉంది, తాళం ఆయన జేబులోనే ఉంది. కానీ జీపు ఆపదకి మాత్రమే కదలాలి. ఆపద లేదని రక్షణ కేంద్రమే రాతపూర్వకంగా చెప్పింది. ఆపద ఉందని ఇప్పుడు జీపు తీస్తే కేంద్రం అబద్ధమాడిందని సంఘం అన్నట్టవుతుంది. ఎర్నా మాత్రం ఫోనులో మేమున్న చోట వెలిగే చుక్క చూపించబోయింది. అత్త అటు చూడనేలేదు. "గురువారం కదా, ఊట దగ్గరుంటారు" అని, పిండి బస్తా అక్కడే దింపేసి గాడిదల్ని కట్టింది.

పొద్దు కొండ వెనక్కి జారుతుండగా బండి చప్పుడు వినిపించింది. అవతలి గట్టు పొదల్లో అప్పటికే ఏదో కదులుతోంది. గాడిదలు వాసన పసిగట్టి మొరాయించాయి. అత్త వాటిని తిట్టి, కొట్టి, బతిమాలి బండ దాకా తెచ్చింది. దిగి మామ పక్కన కూర్చుంది. నేను పొదల మీంచి కన్ను తిప్పడం లేదు, వీళ్ళకు తొందర లేదు.

"ఎలా ఉన్నావు?" అంది.

"బాగున్నా. నువ్వు బాగున్నావా? మచ్చల ఎద్దు మేత తింటోందా?"

"తింటోంది." అత్త ఆయన నోటికి నీళ్ళు పట్టింది. కాలి కట్టు తడిమి చూసింది. కాస్త ఆగింది. "మరి, ఎలా ఉన్నావు?"

"కాలు విరిగిందే" అన్నాడు మామ. అని, పొద్దుటి నుంచి ఒక్కసారి కూడా మూలగని మనిషి, భోరుమని ఏడ్చాడు.

ఇద్దరం కలిసి ఆయన్ను బండిలోకి ఎత్తాం. సింహాలు మమ్మల్ని చూసి, వాటి నీళ్ళు అవి తాగాయి.

సంఘం నివేదికలో ఈ ఉదంతం ఆదర్శప్రాయంగా నమోదైంది. ఆ గురువారం పెట్టె నుంచి క్షేమ సమాచారం సకాలంలో అందింది, పిలుపుకి పావుగంటలో స్పందన లభించింది, ఆపదలు లేవు. గాడిదబండి ప్రస్తావన ఎక్కడా రాలేదు. (గాడిదల నియమాలు వేరే పుస్తకంలో ఉన్నాయి.)

మామ కాలు వంకరగా అతుక్కుంది. మూడు నెలలకు శ్రీమతి అముటెన్యా స్వయంగా విచారణకు వచ్చింది. ఆయన్ను కొండల గస్తీ నుంచి తప్పించి గేటు దగ్గర కూర్చునే పనిలో వేయాలా వద్దా అన్నది ఆవిడే తేల్చాలి. ఆ కాలితో మళ్ళీ కొండెక్కితే మామ తిరిగి రాడని మా ఇంట్లో అందరికీ తెలుసు. ఆ పొద్దున అత్త ఆయన చొక్కా రెండుసార్లు ఉతికింది. ఆయన కర్ర పట్టుకుని కుంటుతూ వచ్చి బల్ల ముందు కూర్చున్నాడు. ఆవిడ ఫారంలోంచి తలెత్తకుండా అడిగింది.

"ఇప్పుడు మీ ఆరోగ్యం ఎలా ఉంది?"

"బాగుంది తల్లీ. నువ్వు బాగున్నావా? మీ ఇంట్లో పెద్దలు బాగున్నారా?"

అందరూ బాగున్నారని చెప్పి ఆవిడ 'బాగుంది' అని రాసుకుంది. నేను కల్పించుకోబోతే, ఈ ఫారంలో బంధువులకు గడి లేదని చెప్పి, సోమవారం నుంచి కొండల గస్తీ అని ముద్ర వేసి, మా మేకమాంసం మళ్ళీ మెచ్చుకుని జీపెక్కింది.

ఎర్నా కిటికీలు మూసింది. పెట్టెను బీరువాలో పెట్టి తాళం వేసింది. రుహోజు మామ మాత్రం కర్ర మోకాళ్ళ మధ్య పెట్టుకుని ఆ ఖాళీ కుర్చీ ఎదుటే కూర్చున్నాడు. ఆవిడ ఇంకా రెండోసారి అడగలేదట.