ఒకే పట్టీలో ఉన్నవారూ పోయినవారూ

మధ్యాహ్నం పన్నెండులోపు కొత్త వెర్షన్‌కి మారాలి, లేదంటే రేపట్నుంచి రానక్కరలేదు. మేనేజరు పొద్దున్నే చెప్పిన శుభవార్త అది. చిట్టాలాయన తలూపి కూర్చున్నాడు. ఆఫీసులో ఎవరు ఏ తలుపు ఎప్పుడు తీశారో రాసుకుని, అడిగితే వెతికిచ్చే వ్యవస్థ ఆయన చేతిలో ఉంది. భార్య పోయిన ఈ ఆరేళ్ళలో ఆయన నోరు విప్పేది దాని ముందే, అదీ తిట్టడానికి.

కొత్త వెర్షన్ మొరాయించింది. తెర నిండా ఎర్ర గీతలు. పాత పట్టీలో ఉన్నవారు, పోయినవారు అని రెండు రకాలున్నాయి. పట్టీకి ఒకటే రకం ఉండాలి, పాత అమరిక ఇక చెల్లదు అంటుంది కొత్తది. సరిగ్గా చేయాలంటే ప్రతి పేరు పక్కనా ఉన్నాడో పోయాడో చెప్పే గడి పెట్టాలి. అంత ఓపిక ఎవడికి? రెంటినీ కలిపేశాడు. గీతలు మాయమయ్యాయి. చివరి మీట నొక్కడమే మిగిలింది.

ఈలోగా గుమ్మం దగ్గర, లోపల ఎంతమంది ఉన్నారో చూపే బోర్డు మీద, రోజూ నలభై చిల్లర ఉండే సంఖ్య యాభై ఏడైంది. లెక్క తేడా వస్తే గంట కొట్టాలన్నది రూలు. కాపలాదారు కొట్టాడు. అందరూ ఎండలోకి వచ్చిపడ్డారు.

"పదిహేడు మంది లోపలే ఉన్నారు. వాళ్ళు పలికేదాకా ఎవరూ లోపలికి పోవద్దు."

"వాళ్ళు చచ్చినవాళ్ళయ్యా బాబూ!"

"చస్తే చావొచ్చు. బయటికి పోయినట్టు తలుపు రాయలేదే!"

కాపలాదారు పేర్లు పిలిచాడు. మాడు పగిలే ఎండ. మొదటి పేరుకి టైపిస్టమ్మ "ఉన్నా" అనేసింది. దారి దొరికింది. తలా ఒక చచ్చినవాడి తరఫున పలికి పదహారు మందిని గట్టెక్కించారు. పదిహేడో పేరు చిట్టాలాయన భార్యది. ఆయన మొహం చూసి ఎవరూ నోరెత్తలేదు.

"ఉన్నానండీ, ఎన్నిసార్లు పిలుస్తారు?"

గొంతు గాజు తలుపు లోపల్నుంచి వచ్చింది. ఆ విసురు ఆయనకు ముప్పై ఏళ్ళ పరిచయం.

లెక్క కుదిరింది. అందరూ లోపలికి పోయారు. ఆయన కార్డుకి మాత్రం ఎర్ర దీపం వెలిగింది.

"ఈ నంబరు మీ ఆవిడది సార్," అన్నాడు కాపలాదారు.

"ఆవిడ పోయాక ఆవిడ ఉద్యోగం, నంబరు నాకిచ్చారు కదయ్యా!"

"ఏమో. తెర మీద ఒక్క పేరే ఉంది. మీది కాదు."

ఒకే నంబరున్న ఇద్దర్ని కలిపితే ఒకరు చెరిగిపోతారని ఆయనకు అప్పుడు తట్టింది.

పన్నెండుకి అయిదు నిమిషాలుండగా మేనేజరు మొహం వెలిగిపోతూ బయటికొచ్చాడు.

"పూర్తయింది! ప్రతి పేరుకీ గడి పెట్టారు. ఒక్క తప్పు లేదు."

"ఎవరు?"

మేనేజరు ఫోన్ చూసుకున్నాడు. "మీ ఆవిడ. ఉన్నవారిలో ఉంది. మీ పేరు కూడా మళ్ళీ ఎక్కించింది. పోయినవారిలో."

"ఆవిడ చచ్చి ఆరేళ్ళయిందండీ!"

"పని అయిందా లేదా? మీరిక ఇంటికెళ్ళండి."

ఆయన గాజుకి మొహం ఆనించి చూశాడు. లోపల తన కుర్చీ మెల్లగా గోడవైపు తిరిగింది.

ఆవిడ పనిలో ఒక్క తప్పూ దొరకనివ్వలేదు. ఆ ఒక్క సంగతి మాత్రం ఆయన ఇప్పటికీ క్షమించలేదు.