తొడ ఎముక లోబొడిపెపై బిందుప్రతిష్ఠ

గవాక్షరహితమును, శీతలయంత్రఘోషపూరితమును, చక్రపీఠశోభితమును అగు ఆస్పత్రి నాలుగో అంతస్తు గణనశాలయందు, ఉదయపు టీ చల్లారి మీగడ కట్టిన శుభవేళ, మూషికధారిణి, త్రికోణజాలభేదిని, ఇంటిల్లిపాదిచే ఎముకలమ్మ యని పిలువబడు పరిశోధకురాలు రణమునకు కూర్చుండెను.

శత్రువు ఒక తొడ ఎముక. స్కానరు పుణ్యాన తెరపై సన్నని త్రికోణముల వలయై బూడిదరంగున వెలుగొందు ఆ వీరుని మోకాటికొసన, లోపలివైపునున్న చిన్న బొడిపెపై కొలతలకు గుర్తుగా ఒక ఎర్రచుక్క పడవలెను. దానిని ఆమె నూరిపోసి పెంచిన ప్రోగ్రామే స్వయముగా పెట్టవలెను. మధ్యాహ్నములోగా పెట్టనిచో నిల్వనున్న ఎముకలన్నిటికిని ఆమెయే చేత్తో చుక్కలు పెట్టవలెనని ఎముకల డాక్టరు శాసించియుండెను. అందుకు ఏడాది పట్టును. తలచుకొన్నంతనే ఆమెకు ఏడుపు వచ్చెను గాని దిగమ్రింగెను.

ప్రోగ్రాము విజృంభించి చుక్కను బయటివైపు బొడిపెపై నాటెను. పైపెచ్చు తనకు తొంభైతొమ్మిది శాతము నమ్మకమని చాటెను.

“ఓరీ అంకగణితాధమా! వంపేదో గుంటేదో నీకు ఉగ్గుపాలతో నేర్పితిని గదా! ఇన్ని ఎముకలపై గురితప్పని నీవు, ఈ ఒక్కదానికడ నా పరువు గంగపాలు చేయుదువా?” అని ఆమె మనసులోనే గర్జించెను. గర్జించి, ఎముక ఉపరితలమును నునుపు చేసెను. వంపుల లెక్కకు పదును పెట్టెను. ఏమి చేసినను చుక్క బయటివైపే బైఠాయించెను. తుదకు తన బుద్ధిపైనే అనుమానము కలిగి, లోపలివైపనగా ఏదియో రూఢి చేసికొనుటకై బల్లక్రిందికి వంగి సొంత మోకాలిని తడుముకొనుచుండగా డాక్టరు లోనికి వచ్చెను.

“మోకాలు నొప్పా?”

“కాదండీ, ఊరికే చూసుకుంటున్నా.”

“కుడిదా, ఎడమదా?” అని ఆయన అలవాటు కొద్దీ అడిగెను.

ఆమె చేయి మోకాటిపైనే నిలిచిపోయెను. ప్రోగ్రాముకు తాను నేర్పినవి కుడికాలి ఎముకలు మాత్రమే. ఎడమవి వచ్చినప్పుడెల్ల అద్దములోవలె తిప్పి ఇచ్చెడిది. ఈ ఎడమ ఎముకను తిప్పుట మరచినది తానే, ఉదయమునుండి తిట్టినది దానిని. సిగ్గుతో ఆమె చెవులు కాలిపోయెను.

తిప్పెను. చుక్క లోబొడిపెపై దిగెను.

డాక్టరు మూషికమును లాగికొని తన చుక్క పెట్టి, యంత్రముది ఒక మిల్లీమీటరు క్రిందుగా నున్నదని పెదవి విరిచెను.

“ఈ రెండూ దాచేస్తాను సార్. మీరే ఇంకోసారి పెట్టండి.”

పెట్టెను. ఆమె దాచినవి చూపెను. ఆయన మొదటి చుక్క పైన, రెండవది క్రింద, యంత్రపు చుక్క నట్టనడుమ నుండెను. డాక్టరు కళ్ళజోడు తుడుచుకొని మరల చూచెను.

“సరే, మిగతావన్నీ దానికే ఇచ్చేయండి.”

దుందుభులు మ్రోగలేదు, పక్కగదిలో ప్రింటరు ఎవరిదో కాగితము నమలెను. ఇట్లు ఒక చుక్క ఒక ఎముకపై ఈ వైపునుండి ఆ వైపునకు జరిగి జయించెను. ఈ గాథ విన్నవారికి ఏమియు ఒరగదు. ఎముకలమ్మకు మాత్రము ఒక ఏడాది మిగిలెను.