తోసే బ్రేకు

పది గంటలకల్లా కంప్యూటర్ పని ముగించుకుని, మధ్యాహ్నం ఇంటికెళ్ళి వేడివేడిగా భోంచేసి, ఓ కునుకు తీయాలన్నది ఆ ఉదయం అల్లుడుగారి పథకం. ఇంజన్ల కంపెనీలో ఆయన్ని అందరూ పిలిచేది అలాగే. అక్కడి డైనమోమీటరు షెడ్డులో ఆయన మామగారు ముప్పై ఏళ్ళుగా పనిచేస్తున్నారు మరి. ఆ యంత్రం ఇంజన్‌ను బ్రేకుతో పట్టి ఆపుతూ, అదెంత గింజుకుంటుందో చూసి దాని బలం చెబుతుంది. ఇప్పుడు ఆ యంత్రం చేసే పనినే కంప్యూటర్లో లెక్కగా కట్టమని అల్లుడుగారికి చెప్పారు. ఆ లెక్క కుదిరితే షెడ్డు మూసేస్తామనీ అన్నారు. ఈ రెండో ముక్క ఇంట్లో చెప్పే ధైర్యం అల్లుడుగారికి ఇంకా రాలేదు.

మీట నొక్కారు. నలభై హార్స్‌పవర్ ఇంజన్ తొంభై చూపించింది. ఆయన కళ్ళు నులుముకునేలోపే వెనక నుంచి ఓనరు చూడనే చూశాడు.

"తొంభయ్యే! మన ఇంజనే?"

"సార్, ఒక్కసారి సరిచూసుకుని..."

అప్పటికే ఓనరు ఫోను చెవిన పెట్టి, ఇంజన్లకు ఆర్డరిచ్చిన పంపుల తయారీ ఆసామికి శుభవార్త చెప్పేశాడు. పదకొండుకల్లా గేటుకి బ్యానరు కూడా కట్టించాడు.

తప్పు పన్నెండింటికి దొరికింది. అల్లుడుగారు బ్రేకును తిరగేసి పెట్టారు. పట్టి ఆపాల్సింది పోయి, అది ఇంజన్‌ను వెనక నుంచి తోస్తోంది. ఓనరు గదికి పరుగెత్తారు.

"సార్, కంప్యూటర్లో డీజిలు పూర్తిగా ఆపేసినా ఇంజన్ తిరుగుతూనే ఉందండీ!"

"డీజిలు కూడా ఆదానా? ఆ ముక్క కూడా బ్యానరు మీద రాయించు!"

మూడింటికి పంపుల ఆసామి వచ్చాడు. ఓనరు అతన్ని షెడ్డుకు తీసుకెళ్ళాడు. అల్లుడుగారూ వెనకే వెళ్ళారు. మామగారు చేతులు తుడుచుకుని, ఇంజన్‌ను తన యంత్రానికి బిగించి, ముల్లు చూశారు.

"నలభై."

"ఈ యంత్రానికి వయసైపోయింది. రేపే పాత ఇనుము కింద అమ్మేస్తా," ఓనరు మండిపడ్డాడు.

మామగారు యంత్రం మీద చెయ్యి వేసి అలాగే నిలబడిపోయారు. అది చూసి అల్లుడుగారు ముందుకొచ్చారు. ఉద్యోగం పోతే పోయిందనుకున్నారు.

"యంత్రం తప్పేం లేదు సార్, తప్పంతా నాది. కంప్యూటర్లో బ్రేకు తిరగేసి పెట్టాను. అది ఇంజన్‌ను ఆపకుండా తోసింది. మన ఇంజన్ నలభయ్యే."

ఓనరు ముఖం కందగడ్డలా అయింది. పంపుల ఆసామి మాత్రం హమ్మయ్య అన్నాడు.

"బతికించావు నాయనా! తొంభై అయితే మా పంపు తునాతునకలైపోతుంది. ఆర్డరు వద్దని చెప్పిపోదామనే వచ్చాను. నలభయ్యే అయితే రెండొందల ఇంజన్లు పంపించండి."

ఓనరు కోపం ఎటు పోయిందో ఎవరికీ తెలియదు. బ్యానరు దిగింది, షెడ్డు నిలిచింది. ఇకమీదట అల్లుడుగారు వేసే ప్రతి లెక్క కిందా మామగారి సంతకం ఉండాలని సాయంత్రానికల్లా ఉత్తర్వు వచ్చింది.

ఇంట్లో ఆ పద్ధతి పెళ్ళయిన నాటి నుంచీ ఉంది.