మూలిగే గోడ

ఆ పొద్దున జానయ్య ఆత్మకూరులో పెండ్లికి పోవాలని ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నాడు. గుండీలు పెట్టుకుంటుండగానే గుర్వమ్మ వాకిట్లోకి వచ్చింది. అచ్చంపేటలోని అతని పాత మట్టిగోడల ఇంటిని మొన్న ఎండాకాలంలో కొన్నది ఆమే.

"అన్నా, ఇంట్ల గోడ మూల్గుతాంది."

"రిజిస్ట్రేషన్ అయినంక నాకేం సంబంధం? గోడైనా, గోడకు కొట్టిన మేకైనా అంతా నీదే."

"పగుళ్ల మీద సున్నం కొట్టి అమ్మినవ్. వానకు సున్నం రాలి గోడ నోరు తెరిసింది. కడుపుతోని ఉన్న కోడలు పుట్టింటికి పోతనని సంచి సదురుకుంది. జర వచ్చి చూడు."

ఒక్కసారి చూసి అటునుంచి అటే బస్సెక్కుదామనుకున్నాడు జానయ్య.

ఆ ఇంటి లోపలి అర్ర మసకగా, చల్లగా ఉంది. కోడలు అక్షిత గడప దాటలేదు. బయట గాలి లేచింది. గోడలోంచి సన్నగా, పొడుగ్గా ఒక మూలుగు వచ్చింది. నొప్పిని పంటి బిగువున ఆపుకుంటున్న మనిషి గొంతులా ఉంది. జానయ్య గోడకు దూరం జరిగాడు. అతని తల్లి కన్నుమూసింది ఆ అర్రలోనే.

"అమ్మా, నువ్వేనా?" అన్నాడు.

అక్షిత కెవ్వుమంది. వాడకట్టంతా ఉరికొచ్చింది. జానయ్య తల్లిని గోడలో పెట్టి ఇల్లు అమ్మాడన్న మాట సందు చివరిదాకా పాకింది. పెద్దమనిషి కాటమయ్య గడ్డపార తెచ్చాడు.

"ఎవలున్నా బయటికి రానీయున్రి," అని పోటు వేశాడు.

పెళ్లలు రాలాయి. గోడ నడుమ చీకట్లో ఒక కుండ, మూతి పగులువైపు తిప్పుకుని కూర్చుని ఉంది. గాలి వీచింది. కుండ మూలిగింది.

జానయ్య భయం ఎటు పోయిందో, కుండను రెండు చేతులా కావలించుకున్నాడు. "మా తాతలు దాచిన సొమ్ము. ఇది నాది!"

"మేకు సుత నీది కాదంటివి?" అంది గుర్వమ్మ.

"గోడ నాది! గోడల ఉన్నది సుత నాదే! అందరి ముంగట చెప్తున్న!"

"అందరం విన్నం," అన్నాడు కాటమయ్య.

జానయ్య మోచేతిదాకా లోపల చెయ్యి పెట్టాడు. చల్లగా ఏదో తగిలి, మెల్లగా కదిలింది. అరిచి చెయ్యి లాక్కున్నాడు. ఒక కప్ప బయటికి గెంతి, జనం కాళ్లమధ్య నుంచి వాకిట్లోకి పోయింది. కుండలో ఇంకేమీ లేదు.

"సరే అన్నా, గోడ నీదేనాయె. ఇగ కట్టు." గుర్వమ్మ పార అతని చేతికిచ్చి, కోడలి సంచి విప్పడానికి పోయింది.

గోడ నిలువుగా లేస్తున్నదో లేదో చూడడానికి కాటమయ్య కుర్చీ వేయించుకున్నాడు.