పన్నెండు టేపుల దూరం

మా నీటి సరఫరా శాఖ మంత్రిగారు గోల్ఫ్ నేర్చుకోబోతున్నట్టు పత్రికలవాళ్లను పిలిచి మరీ ప్రకటించారు. ఇది వినోదం కోసం కాదని, ప్రజల కోసమేనని ముందే స్పష్టం చేశారు.

"కొసన ఉన్న వీధులకు నీళ్లు ఎందుకు చేరడం లేదని మీరు మూడేళ్లుగా నన్ను అడుగుతున్నారు," అన్నారాయన. "బాగా ఆలోచించాను. మనకు లేనిది నీళ్లు కాదు, డిస్టెన్స్ కంట్రోల్. గోల్ఫ్‌లో బంతి ఎంత దూరం పోవాలో అంతే పోతుంది. సెవెన్ ఐరన్ అనే కర్రతో కొడితే నూటయాభై గజాలు. గజం ఎక్కువ కాదు, గజం తక్కువ కాదు. ముందు దీన్ని బంతితో సాధిస్తాను. తరవాత నీళ్లతో."

ముందు నీళ్లతోనే మొదలుపెట్టకూడదా అని ఒక విలేకరి అడిగాడు. నీళ్లు తడిగా ఉంటాయని, కొత్తగా నేర్చుకునేవాళ్లు పొడి వస్తువుతో మొదలుపెట్టడమే శాస్త్రీయమని మంత్రిగారు ఓపిగ్గా వివరించారు. విలేకరి అదీ రాసుకున్నాడు.

నేను ఆ శాఖలో సర్వేయర్ని. కొసన ఉన్న వీధి అంటే ఏమిటో నాకు బాగా తెలుసు, ఎందుకంటే అలాంటి ఒక వీధిలో ఆఖరి ఇల్లు మా అక్కది. అక్క బడిపిల్లల నిక్కర్లు కుడుతుంది. వారానికి రెండుసార్లు నీళ్ల లారీ వస్తుంది. లారీ హారన్ వినిపిస్తే చాలు, కుట్టుమిషన్ మీద పనిని ఎక్కడిదక్కడ వదిలేసి బిందెలతో పరిగెత్తుతుంది. ఆ వీధికి ట్యాంకు నుంచి పైపు వేయడానికి ఆ ఏడాదే మంజూరు వచ్చింది. పొడవు పద్దెనిమిది వందల గజాలు. కొలిచింది నేనే. అక్క గుమ్మం దగ్గర సున్నం గుర్తు పెట్టి, "ఇదిగో, ఇక్కడికే వస్తుంది," అని చెప్పి కూడా వచ్చాను.

అలాంటి సమయంలో మా చీఫ్ ఇంజినీర్‌గారు నన్ను గోల్ఫ్ మైదానానికి డ్యూటీ వేశారు. టేపు వంకర లేకుండా పట్టేవాడు శాఖలో నేనొక్కణ్ణేనట.

మైదానంలో మూడు సెట్ల ఐరన్లు సిద్ధంగా ఉన్నాయి. మొదటిది సన్నటి తలలతో, ఆరితేరినవాళ్లు వాడేది. రెండోది వెనక గుల్లగా ఉండి, దెబ్బ కాస్త పక్కకు తగిలినా బంతిని దాదాపు అంతే దూరం పంపేది. మూడోది తేలికైన కర్రలది. నేర్పడానికి వచ్చిన కోచ్ మర్యాదస్తుడు.

"ఎంత దూరం పోయిందన్నది కాదు సార్ చూడాల్సింది," అన్నాడాయన. "ఒక్కో సెట్టుతో పది బంతులు కొట్టండి. ఏ సెట్టుతో పదీ దగ్గరదగ్గరగా పడితే అదే మీ సెట్టు. నన్నడిగితే రెండోదే తీసుకోండి. అది తప్పును మన్నిస్తుంది."

"మన్నించడం మంచి గుణమే," అన్నారు మంత్రిగారు. "కానీ నేను తప్పు కొడతానని మీకెవరు చెప్పారు?"

మంత్రిగారు సెవెన్ ఐరన్ అందుకున్నారు. నేను పరిగెత్తి కొలిచి అరవడం మొదలుపెట్టాను. తొంభై ఒకటి. నూట నాలుగు. డెబ్బై ఎనిమిది. నూట ముప్పై, కాని అది పక్కనున్న షెడ్డు కప్పుకు తగిలి దొర్లిన దూరం. ఒక బంతి ఉన్నచోటు నుంచి కదలనే లేదు. దాన్నేమని రాయాలని చీఫ్ ఇంజినీర్‌గారిని అడిగాను.

"నిలకడగా ఉంది అని రాయి," అన్నారాయన.

ఐరన్లలో నంబరు తగ్గేకొద్దీ బంతి దూరం పోవాలట. ఫైవ్ ఐరన్ దూరానికి, నైన్ ఐరన్ దగ్గరికి. మంత్రిగారి చేతిలో పెద్దా చిన్నా తేడా లేకుండా అన్నీ సమానమయ్యాయి. సాయంత్రానికి మూడు సెట్లూ అయ్యాయి. ఏ రెండు బంతులూ ఒకచోట పడలేదు.

"ఐరన్లలో లోపం లేదు సార్," అన్నాడు కోచ్ మెల్లగా. ఆ మర్నాటి నుంచి ఆయన అవసరం మాకు కలగలేదు.

లోపం ఐరన్లలో లేదు, మంత్రిగారిలో ఉండే వీల్లేదు. ఇక మిగిలింది టేపే. చీఫ్ ఇంజినీర్‌గారు రాత్రంతా కూచుని ఆ సంగతి కనిపెట్టారు. ఇరవై తొమ్మిదేళ్ల అనుభవం ఊరికే పోతుందా?

"మన టేపు బిర్రుగా ఉందయ్యా," అన్నారు నన్ను పిలిచి. "ప్రజాప్రతినిధి ఎక్కడ కొడితే అక్కడికి వెళ్లి సర్దుకునే గుణం దానికి లేదు. నిక్కర్లకు వేసే ఎలాస్టిక్ ఎక్కడైనా దొరుకుతుందా?"

దొరుకుతుందని చెప్పాను. అక్క దగ్గరే మూడు చుట్టలు తెచ్చాను. దేనికిరా అని అడిగితే ఆఫీసు పని అన్నాను. పైపు పనేమో అనుకుని పాపం డబ్బు కూడా వద్దంది, మూడూ కలిపి తనే కుట్టి ఇచ్చింది.

వదిలేస్తే అది డెబ్బై గజాలు. ప్రాణం పెట్టి లాగితే నూటయాభై. దాని మీద నల్ల సిరాతో ఈ చివర సున్నా, ఆ చివర నూటయాభై వేశాం. ఇక మంత్రిగారు కొట్టిన బంతి ఎనభైలో పడినా, నూట ఇరవైలో పడినా, నేను టేపు కొసను పట్టుకుని బంతి దాకా లాగేవాణ్ణి. డెబ్బై లోపు పడినవాటిని ప్రాక్టీసు కింద రాశాం. వారం తిరిగేసరికి రిజిస్టరులో రెండు వందల దెబ్బలు, అన్నీ నూటయాభై. నా కుడిభుజం పట్టేసింది.

ఏ సెట్టుతో కొట్టినా నూటయాభయ్యే కాబట్టి సెట్టు ఎంచుకోవడం కష్టమైంది. ఆఖరికి సంచీ రంగు చూసి రెండోదాన్ని ఖాయం చేశారు.

"బంతి అయింది," అన్నారు మంత్రిగారు. "ఇక నీళ్లు." ఒకే శాఖలో రెండు రకాల గజాలుంటే క్రమశిక్షణ దెబ్బతింటుందని, ఇకపై పైపులన్నీ కొత్త టేపుతోనే కొలవాలని సర్క్యులర్ వచ్చింది.

మొదట కొలిచింది మా అక్క వీధి పైపునే. కాంట్రాక్టరు ఇటుకబట్టీ పక్క ఖాళీ స్థలం దాకా వేసి, అక్కడ కొళాయి బిగించి కూచున్నాడు. అక్క ఇంటికి అక్కణ్నుంచి ఇంకా పది నిమిషాల నడక. టేపు ఒక మాదిరిగా లాగితే సరిగ్గా పన్నెండు టేపులు వచ్చింది. పన్నెండు నూటయాభైలు పద్దెనిమిది వందలు.

"సంతకం పెట్టు," అన్నారు చీఫ్ ఇంజినీర్‌గారు.

"ఇంకాస్త గట్టిగా లాగి చూద్దామా సార్?"

"నీ భుజం బాగోలేదు కదయ్యా. కొండమీది పంపుహౌసులో గాలి మంచిది, అక్కడికి బదిలీ వేయించమంటావా?"

సంతకం పెట్టాను. సిగ్గేసింది. అయినా పెట్టాను.

ప్రారంభోత్సవానికి మంత్రిగారు గోల్ఫ్ సంచీతో సహా వచ్చారు. అక్క వీధి ఆడవాళ్లందరితో కలిసి బిందె చంకనబెట్టుకుని ఆ దూరమంతా నడిచి వచ్చింది. చుట్టూ ఒకసారి చూసి నా దగ్గరికొచ్చింది.

"ఏరా, పైపు మా వీధికన్నావు కదా. ఇదెవరి వీధి?"

"రికార్డు ప్రకారం మీదే అక్కా."

అక్క నా చేతిలో టేపు చూసింది. వేళ్లతో పట్టుకుని కాస్త సాగదీసింది. కుట్టు కూడా తనదే.

"ఇది నా ఎలాస్టిక్ కదరా. దీంతోనా కొలిచావు?"

అక్క గొంతు పెంచి అందరికీ వినబడేట్టు అంది. "ఇది సాగేదయ్యా. దీంతో కొలిస్తే ఎక్కడైనా పద్దెనిమిది వందలే. గట్టిగా లాగండి, ఇవే పన్నెండు టేపులు మా గుమ్మం దాకా వస్తాయి. ఇదేం కొలత?"

చీఫ్ ఇంజినీర్‌గారి ముఖం పాలిపోయింది. మంత్రిగారి ముఖం మాత్రం వెలిగింది.

"గుమ్మం దాకా వస్తాయా? కొలవండి."

నేనూ చీఫ్ ఇంజినీర్‌గారూ చెరో కొస పట్టుకుని ట్యాంకు నుంచి మొదలుపెట్టి ప్రాణం పెట్టి లాగాం. పన్నెండో టేపు కొస నేను పెట్టిన సున్నం గుర్తు మీదే పడింది. నా సర్వే తప్పు కాదని ఆ రోజు రుజువైంది.

"పైపు ఎన్ని టేపులు?" అడిగారు మంత్రిగారు.

"పన్నెండు సార్."

"ఈవిడ గుమ్మం ఎన్ని టేపులు?"

"పన్నెండు సార్."

"పైపు కొసకూ గుమ్మానికీ మధ్య ఎంత?"

చీఫ్ ఇంజినీర్‌గారు కాగితం మీద తీసివేత చేశారు. రెండోసారి కూడా చేసి చూసుకున్నారు.

"సున్నా సార్."

అందరూ చప్పట్లు కొట్టారు. సామాన్య గృహిణిలో కూడా ఇంత సాంకేతిక పరిజ్ఞానం దాగి ఉందని మంత్రిగారు ప్రసంగంలో కొనియాడారు. మర్నాడు పేపర్లో అక్క ఫోటో వచ్చింది, మంత్రిగారి పక్కన, ఖాళీ బిందెతో. సోమవారం ఆఫీసు తెరవగానే ఉత్తర్వు వచ్చింది. పైపు గుమ్మం దాకా చేరింది గనుక ఆ వీధికి నీళ్ల లారీ నిలిపివేయడమైనది.

అప్పటినుంచి ప్రతి ఆదివారం నేను అక్క ఇంటికి వెళుతున్నాను. మొన్న ఇటుకబట్టీ దగ్గర్నుంచి బిందె మోసుకుని వెళ్లి గుమ్మంలో దించి, ఆయాసంతో మెట్టు మీద కూలబడ్డాను. అక్క నిక్కరుకు ఎలాస్టిక్ ఎక్కిస్తోంది. తల ఎత్తలేదు.

"ఎంత దూరం రా అక్కణ్నుంచి?" అంది.

"రికార్డు ప్రకారం సున్నా."

అక్క దారం కొరికి తెంపింది.

"అయితే రెండో బిందె కూడా పట్టుకురా."