పుండ్లు లేని కేంద్రానికి భవిష్యత్తు లేదు

మొదట్లో పెద్ద నర్సమ్మ చేతిలో ఉన్నవి ఇవి: వార్డు పక్కన ఒక గది, ఇద్దరు నర్సులు, ఒక గోడ గడియారం, మంచం దిగలేని పన్నెండు మంది రోగులు. ఈ పెట్టుబడితోనే ఆమె నర్సింగ్ పరిశోధన కేంద్రం తెరిచింది. రెండు గంటలకోసారి రోగిని పక్కకు తిప్పి పడుకోబెడితే ఒంటిమీద పుండ్లు పడకుండా ఉంటాయా అన్నది పరిశోధన. ఏడాది తిరిగేసరికి పన్నెండు వీపులూ అద్దంలా ఉన్నాయి.

ఇంత పెద్ద సంగతిని ఇంత తేలిగ్గా తేల్చేయడం పైవాళ్ళకు నచ్చలేదు. కేంద్రం యాభై ఏళ్ళు నిలుస్తుందో లేదో చూడటానికి మూల్యాంకన సంఘం దిగింది. నిలవదంటే మూతే. సంఘం కూర్చోవడానికి చోటు కావాలి గనుక గది తీసుకున్నారు. ఫారాలు నింపడానికి మనుషులు కావాలి గనుక ఇద్దరు నర్సులనూ తీసుకున్నారు. సమావేశం వేళకు సాగాలి గనుక గడియారమూ తీసుకున్నారు. రోగులను మాత్రం ముట్టుకోలేదు. ఆ రోజు నుంచి ఎవరూ ముట్టుకోలేదు.

అధ్యక్షులవారు వీపుల పట్టిక చూసి నిట్టూర్చారు.

"ఏమ్మా, ఒక్క పుండూ లేదే! ముడిసరుకు లేని కొట్టు ఎన్నాళ్ళు నడుపుతావు?"

"పుండ్లు పడకుండా చూడటానికే కదండీ మొదలుపెట్టింది?"

"అదే నీ ప్రణాళికలో లోపం."

నిలకడకు వందకు పదకొండు మార్కులు వేసి, లోపం సవరించుకోవడానికి మూడు నెలల గడువు దయచేశారు. ఆ దయకు తోడు, రాబోయే యాభై ఏళ్ళకూ ఏడాదివారీగా ఆమే నింపాల్సిన నూట నలభై ఫారాలు.

నాలుగో మంచం మీది ముసలి దర్జీ పిలిచాడు.

"అమ్మా, నన్ను తిప్పే వేళ దాటిపోలేదూ?"

"ఉండు బాబాయ్, నలభయ్యో ఏడాది దాకా వచ్చా. ఇంకో పదేళ్ళు రాసేసి వస్తా."

"తొందరగా రాయి తల్లీ. ఇస్త్రీపెట్టె ఒకేచోట మరిచిపోతే కోటుగుడ్డే మాడిపోతుంది, నా తోలెంత?"

ఆమె కలం పడేసి లేచింది. తలుపు దగ్గర సంఘం గుమాస్తా అడ్డొచ్చాడు. "ఈ రోజు ఫారాలు సాయంత్రంలోగా ఇవ్వకపోతే తాళమేనండి మేడమ్." తాళం పడితే దర్జీని తిప్పే దిక్కే ఉండదు. అందుకని దర్జీని తిప్పకుండా ఆమే వెనక్కి తిరిగింది. మూడు నెలలూ ఆ వరసే.

సంఘం మళ్ళీ వచ్చింది. పన్నెండు మందిలో తొమ్మిది మందికి పుండ్లు. అధ్యక్షులవారి ముఖం చేటంత అయింది. వందకు తొంభై ఎనిమిది! తగ్గిన ఆ రెండూ, పుండు పడకుండా మొండికేసిన ముగ్గురి పాపం.

చివరికి తేలిన లెక్క: కేంద్రానికి యాభై ఏళ్ళ ఆయుష్షు, గోడకు పటం కట్టిన ప్రశంసాపత్రం, దర్జీ వీపున అరచేతి వెడల్పు పుండు. సన్మాన సభలో మనమంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టాం. గంటసేపు కూర్చున్నందుకే మనకు నడుం పట్టేసింది, పాపం.